ఎంజీబీ జీటీ (1972): 85 దాటగానే అదురు. ఇంజన్‌దా, షాఫ్ట్‌దా, చక్రాలదా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది 1972 ఎంజీబీ జీటీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మా మేనమామ ఇంగ్లండులో డాక్టరుగా పనిచేసి తిరిగి వస్తూ తెచ్చుకున్న బండి. ఆయన పోయాక వేదాయపాలెంలో షెడ్డులో ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోయింది. నిరుడు వేరే ఊళ్ళో ఒక వర్క్‌షాపుకు ఇచ్చి పూర్తిగా బాగు చేయించాను. తుప్పు పని, రంగు, బుష్‌లు, బ్రేకులు అన్నీ అయ్యాయి. చూడటానికి బ్రహ్మాండంగా వచ్చింది.

సమస్య ఏమిటంటే, 80 దాకా నున్నగా పోతుంది. 85 దగ్గర సీటు కింద సన్నగా అదురు మొదలవుతుంది. 90 దాటితే గేరు రాడ్డు చేతిలో జివ్వుమంటుంది, లోపలి అద్దంలో వెనుక వచ్చే లారీ మసకబారిపోతుంది. స్టీరింగ్‌లో మాత్రం ఏమీ తెలియదు. 110 దాటే సాహసం చేయలేదు. మీటరు మైళ్ళలో ఉంది కాబట్టి ఈ వేగాలన్నీ ఫోనులో జీపీఎస్ చూసి కిలోమీటర్లలో చెబుతున్నవి.

నాలుగు గేర్లు, పైన ఓవర్‌డ్రైవ్ (స్విచ్ వేస్తే అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు). వైర్ చక్రాలు, అంటే స్పోకులవి. టైర్లు 165/80 ఆర్14, కొత్తవి, బ్యాలెన్సింగ్ చేయించాను. కార్బురేటర్లు రెండూ సర్దించాను. ఇప్పుడు ఇక్కడి మెకానిక్ ఇంజన్ దించి క్లచ్ మొత్తం విప్పి చూడాలంటున్నారు. ఈ బండిలో క్లచ్ చూడాలంటే ఇంజన్ బయటికి తీయాల్సిందే కదా. అంత పనికి దిగే ముందు మీ అందరి మాటా వినాలనిపించింది.

ఒంగోలు అంబాసిడర్

మీ మెకానిక్ చెప్పిందాంట్లో తప్పేమీ లేదండీ. మీ బండిలోని 1798 సీసీ ఇంజన్, మా అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ళ బి-సిరీస్ ఇంజన్ సంతానమే. ఒక తల్లి పిల్లలు. వాటి రోగాలూ ఒకటే. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న బండి అంటున్నారు. ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు రాయిలా గట్టిపడి ఉంటాయి. గేర్‌బాక్స్ కింద ఉండే రబ్బరు కూడా అంతే. ముందు అవి మార్చండి. తగ్గకపోతే క్లచ్‌లోని ప్రెషర్ ప్లేటు. మా ఒంగోలులో టాక్సీలు నడిచిన రోజుల్లో ఇలాంటివి ఎన్నో చూశాను.

బుచ్చి బుల్లెట్

వైర్ చక్రాలే. ఆలోచించాల్సిన పనే లేదు. మామూలు బ్యాలెన్సింగ్ మెషీన్ మీద వైర్ చక్రం సరిగ్గా కూర్చోదు. పందెం కిలో మలై కాజా.

కావలి లెక్కలు

పెన్నా ఒడ్డు గారూ, స్పానర్ పట్టుకోకముందే చేయగలిగిన పరీక్షలు ఉన్నాయి. మీకు ఓవర్‌డ్రైవ్ ఉండటం అదృష్టం. అది లేని బండిలో ఇంత తేలికగా తేలదు.

అదురు పుట్టించేది ఏదైనా తిరిగే వస్తువే అయి ఉండాలి. మీ బండిలో మూడు వేర్వేరు వేగాలతో తిరిగేవి ఉన్నాయి: ఇంజన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు పోయే పొడవాటి గొట్టం), చక్రాలు. అదురు ఏ వేగంతో జత కడుతుందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

మీ టైరు ఒక చుట్టుకు రమారమి 1.9 మీటర్లు పోతుంది. 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 13 చుట్లు. ఎంజీబీ వెనుక యాక్సిల్ నిష్పత్తి 3.909, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 3.909 చుట్లు. కాబట్టి షాఫ్ట్ సెకనుకు 51 చుట్లు, నిమిషానికి సుమారు 3,090. నాలుగో గేరు నేరు గేరు కనుక ఇంజన్ కూడా అంతే తిరుగుతుంది. అందుకే మామూలుగా నడుపుతున్నంత సేపూ ఇంజన్‌నూ షాఫ్ట్‌నూ విడదీసి చూడలేం. ఓవర్‌డ్రైవ్ వేసిన క్షణంలో ఆ రెండూ విడిపోతాయి. దాని నిష్పత్తి 0.82. బండి వేగం అలాగే ఉంచి స్విచ్ వేస్తే షాఫ్ట్ 3,090 దగ్గరే ఉంటుంది, ఇంజన్ మాత్రం 2,530కి పడిపోతుంది.

ఖాళీ రోడ్డు చూసుకుని 95 దగ్గర నిలకడగా పట్టి ఓవర్‌డ్రైవ్ వేయండి, తీయండి. అదురు ఏమీ మారలేదంటే ఇంజన్, ఫ్లైవీల్, క్లచ్ అన్నీ నిర్దోషులు. తరువాత అదే వేగంలో క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దాని మానాన పోనివ్వండి. తాళం మాత్రం తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడితే ప్రాణం మీదికి వస్తుంది. చివరిగా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలేసినప్పుడూ తేడా ఉందేమో చూడండి. తొక్కితేనే ఎక్కువైతే షాఫ్ట్ జాయింట్ల కోణాలనూ, పినియన్ (షాఫ్ట్ కొసన యాక్సిల్‌ను తిప్పే చిన్న పళ్ళ చక్రం) బేరింగులనూ అనుమానించాలి.

ఇంకొకటి. సెకనుకు 13 సార్లు వచ్చే ఊపు ఒంటికి గతుకు గతుకుగా తెలుస్తుంది. 51 సార్లు వచ్చేది జుమ్మని మోత లాగా వినిపిస్తుంది. మీరు రాసిన ‘జివ్వుమంటుంది’ అనే మాట చూస్తే చక్రాల మీద నాకు అంత అనుమానం లేదు. కాజా బుచ్చి గారే కొనాలేమో.

ఒంగోలు అంబాసిడర్

లెక్కలు బాగానే ఉన్నాయి. ఫౌండేషన్ రబ్బర్ల సంగతి మాత్రం వదలకండి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

తెల్లవారుజామున కోవూరు దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. కావలి లెక్కలు గారు చెప్పినవన్నీ చేశాను.

ఓవర్‌డ్రైవ్ వేసినా తీసినా అదురులో తేడా లేదు. ఇంజన్ మోత మాత్రం తగ్గింది. మూడో గేరులో 90 పట్టి చూశాను, ఇంజన్ అరుస్తోంది గానీ ఈ అదురు అంతే ఉంది. న్యూట్రల్‌లో వదిలేసినా అంతే. తొక్కినప్పుడు కాస్త ఎక్కువనిపించింది, అది నా భ్రమ కూడా కావచ్చు.

ఫోనులో కంపనాలు కొలిచే యాప్ ఒకటి వేసి, హ్యాండ్ బ్రేక్ పక్కన టన్నెల్ మీద టేపుతో అంటించాను. ఇక్కడే అయోమయం. 90 దగ్గర పెద్ద గీత సెకనుకు 49 సార్లు అని చూపిస్తోంది. 95కు వెళితే 46. 100కు వెళితే 43. వేగం పెరిగే కొద్దీ అంకె తగ్గుతోంది! తిరిగే వస్తువు ఏదైనా వేగంతో పాటు పెరగాలి కదా? చిన్న గీత ఇంకొకటి 13 దగ్గర ఉంది, అది మాత్రం బుద్ధిగా 14.5 దాకా పెరిగింది.

కనిగిరి కొత్త

యాప్ పనికిరానిది అయి ఉంటుంది. వేరేది వేసి చూడండి అన్నా.

కావలి లెక్కలు

యాప్‌ను తిట్టకండి, అది పాపం నిజమే చెప్పింది, కాకపోతే అద్దంలో చూపించింది. మీ ఫోను సెకనుకు 100 కొలతలు తీసుకుంటున్నట్టుంది. అలాంటప్పుడు 50 దాకానే అది ఉన్నది ఉన్నట్టు చూపగలదు. 50 దాటినవి మడత పడి వెనక్కి వస్తాయి. అసలు అంకె 51.4 అయితే 100 లోంచి అది పోను 48.6 చూపిస్తుంది. సినిమాల్లో బండి చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడానికీ కారణం ఇదే.

ఇప్పుడు లెక్క సరిపోల్చండి. 95 దగ్గర షాఫ్ట్ సెకనుకు 54.3 చుట్లు, మడత పెడితే 45.7. 100 దగ్గర 57.2 చుట్లు, మడత పెడితే 42.8. మీరు రాసినవి 46, 43. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? షాఫ్ట్ ఒక చుట్టుకు ఒక దెబ్బ కొడుతోంది. ఇంజన్ కాదని ఓవర్‌డ్రైవే చెప్పేసింది.

ఒక చుట్టుకు ఒక దెబ్బ అన్నది ముఖ్యం. జాయింట్ల కోణాలు కుదరకపోయినా, షాఫ్ట్ రెండు కొసల యోకులు (జాయింటును పట్టే పంగలు) ఒక వరుసలో లేకపోయినా ఒక చుట్టుకు రెండు దెబ్బలు వస్తాయి. అంటే 90 దగ్గర 103. అది మడత పడితే 3 దగ్గరెక్కడో గీత కనిపించేది. మీరు దాని గురించి రాయలేదు. కాబట్టి బరువు ఒక పక్కకు ఉండటమో, షాఫ్ట్ నడిమి రేఖ మీద తిరగకపోవడమో అయి ఉండాలి.

13 దగ్గరి చిన్న గీత చక్రానిది. అది వేరే కథ.

బుచ్చి బుల్లెట్

చూశారా, చక్రం కూడా ఉంది! సగం కాజా నాది.

లేత్ మాస్టారు (నెల్లూరు)

ఇప్పుడు నా వంతు. షాఫ్ట్ దించకముందే, ముందూ వెనుకా ఉన్న రెండు ఫ్లాంజీల (బోల్టులతో బిగించే బిళ్ళలు) మీదా సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టండి. మధ్యలో జారే స్ప్లైన్ ఉంటుంది, దానికి అటూ ఇటూ కూడా గుర్తు పెట్టండి. అక్కడ పళ్ళు ఊడదీసి మళ్ళీ ఎక్కించేటప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయితే యోకులు వరుస తప్పుతాయి.

బోల్టులు 3/8 యూఎన్ఎఫ్, అంటే అంగుళాల లెక్క సన్న మరవి. వాటికి 9/16 అంగుళం స్పానర్ కావాలి, అంటే 14.29 మిల్లీమీటర్లు. 14 స్పానర్ ఎక్కదు, 15 వేస్తే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. అక్కడ చెయ్యి పట్టడానికే చోటు ఉండదు, మూలలు పోయాయంటే ఇక ఉలితో కొట్టడమే. పాత మాస్సే ఫెర్గూసన్ ట్రాక్టర్లు చూసే మెకానిక్‌ల దగ్గర అంగుళాల సెట్టు ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.

దించాక క్రాస్‌లు (జాయింటు మధ్యలోని కూడిక గుర్తు ఆకారపు ముక్కలు) చూడండి. ఆట ఉందా లేదా అని మాత్రమే చూసి వదిలేస్తారు చాలామంది. అది చాలదు. యోకును రెండు దిశల్లోనూ వేళ్ళతో మెల్లగా వంచండి. ఏళ్ళ తరబడి నిలబడిపోయిన బండిలో సూది బేరింగులు ఒకే చోట నొక్కుకుని గుంటలు పడతాయి. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి గంటు తగిలినట్టు ఆగుతుంది. అలా తగిలితే ఆట లేకపోయినా ఆ క్రాస్ మార్చాల్సిందే. అంబాసిడర్ క్రాస్ అతుకుతుందని ఎవరో ఒకరు చెబుతారు. కప్పు బయటి కొలత, క్రాస్ మొత్తం పొడవు వెర్నియర్ పెట్టి చూడకుండా కొనకండి.

పినియన్ నట్టు జోలికి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వకండి. మీ 1972 బండిలో ట్యూబు రకం యాక్సిల్. అందులో పినియన్ బేరింగుల మధ్య నలిగే స్పేసర్ ఉంటుంది. ఆ నట్టు వదులు చేసి ఊరికే మళ్ళీ బిగిస్తే బేరింగు బిగువు పోతుంది. కొత్త స్పేసర్ వేసి బిగువు కొలుచుకుంటూ బిగించాలి. అదురు కోసం వెళ్ళి యాక్సిల్ లోపలి గేర్లు (క్రౌన్ పినియన్) పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

కందుకూరు హెరాల్డ్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. నాకూ ఇలాంటి అదురే, కాకపోతే 60 దగ్గర. ఇవే పరీక్షలు దానికీ పనికొస్తాయా?

కావలి లెక్కలు

పనికొస్తాయి గానీ అనుమానించాల్సిన చోటు మారుతుంది. హెరాల్డ్‌లో డిఫరెన్షియల్ చాసిస్‌కే బిగించి ఉంటుంది, చక్రాలతో పాటు పైకీ కిందికీ ఊగదు. కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెద్దగా మారదు. ఊగేది అటూ ఇటూ ఉండే అర షాఫ్ట్‌లు. వాటి లోపలి కొసల్లో క్రాస్‌లు ఉంటాయి. అవి చక్రం వేగంతోనే తిరుగుతాయి. వెనుక అడ్డ పట్టీ స్ప్రింగు కుంగి ఉంటే కోణం పెరిగి ఒక చుట్టుకు రెండు దెబ్బలు కొడతాయి. విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

ఒంగోలు అంబాసిడర్

లెక్కల మాస్టారూ, ఒక్క మాట. షాఫ్టే కారణం అనుకుందాం. మరి ఇంత గట్టిగా గేరు రాడ్డుకు ఎందుకు అందుతోంది? రబ్బరు మెత్తగా ఉంటే మింగేయదా?

కావలి లెక్కలు

ఒప్పుకుంటాను. ఫౌండేషన్ అదురును పుట్టించదు, కానీ మన దాకా ఎంత రావాలో నిర్ణయించేది అదే. రబ్బరు మార్చడం మంచిదే. అయితే ముందు దాన్నే మారిస్తే అదురు తగ్గినట్టు కనిపించి అసలు దొంగ లోపలే దాక్కుంటాడు. వాడు క్రాస్‌లనూ గేర్‌బాక్స్ వెనుక సీలునూ తింటూనే ఉంటాడు. అందుకే వరుస ముఖ్యం.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

లేత్ మాస్టారు గారే స్వయంగా డయల్ గేజ్ (తిరిగే వస్తువు ఎంత ఊగుతుందో ముల్లుతో చూపేది) పట్టుకుని మా షెడ్డుకు వచ్చారు. ఈ వేదిక మీద పరిచయమైన మనిషి ఇలా ఇంటికి రావడం నాకు చెప్పలేనంత సంతోషం.

బండిని వెనుక యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టి లేపాం. చాసిస్ కింద పెడితే యాక్సిల్ వేలాడి జాయింట్ల కోణాలు మారిపోతాయని ఆయన ముందే హెచ్చరించారు. ముందు చక్రాలకు అడ్డు దుంగలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పాం. గేజ్ ముల్లు గొట్టం మధ్యలో 0.2 మిల్లీమీటర్లు ఊగింది. ముందు కొసన 0.1. వెనుక కొసన, ఫ్లాంజీకి దగ్గరగా, 0.4.

షాఫ్ట్ దించాం. క్రాస్‌లు రెండూ నున్నగా వంగుతున్నాయి, వర్క్‌షాపు వాళ్ళు కొత్తవి వేసినట్టున్నారు. యోకులు వరుసలోనే ఉన్నాయి. పినియన్ ఫ్లాంజీ ఒక్కదాన్నే తిప్పి కొలిస్తే 0.05, అంటే దాని తప్పేమీ లేదు. షాఫ్ట్‌ను మాస్టారి లేత్ మీద రెండు సెంటర్ల మధ్య పెట్టి తిప్పితే గొట్టం వంకర లేదు.

మరి 0.4 ఎక్కడిది? మాస్టారు టార్చి వేసి వెనుక ఫ్లాంజీ లోపలికి చూసి నవ్వడం మొదలుపెట్టారు. రెండు ఫ్లాంజీలు ఒకదానిలో ఒకటి ఇమిడి కూర్చోవడానికి గుండ్రటి గాడి ఉంటుంది కదా. వర్క్‌షాపులో షాఫ్ట్ మొత్తానికి మెరిసే నల్ల రంగు కొట్టారు, గాడిని కూడా వదలలేదు. రంగు కిందికి కారి ఒక పక్క అన్నం మెతుకంత ముద్దగా ఎండిపోయింది. బోల్టులు బిగించినప్పుడు ఆ ముద్ద ఒక పక్కకు తోసి షాఫ్ట్ వెనుక కొస నడిమి రేఖ నుంచి జరిగిపోయింది. ముద్ద నలిగి అంచున పెళుసుగా పగిలి, కింద ఇనుము మెరుస్తున్న అచ్చు కూడా కనిపించింది. ఫోటో పెడుతున్నాను.

కనిగిరి కొత్త

ఆ కాస్త రంగుకు ఇంత అదురా? నమ్మబుద్ధి కావడం లేదు.

కావలి లెక్కలు

ముల్లు 0.4 ఊగిందంటే నడిమి రేఖ 0.2 మిల్లీమీటర్లు జరిగినట్టు. షాఫ్ట్ బరువులో వెనుక కొస మీద పడేది నాలుగు కిలోలు అనుకుందాం. సెకనుకు 51 చుట్ల వేగంలో ఆ కాస్త జరుగుబాటు ఎనిమిది కిలోలకు పైగా బలంతో బయటికి లాగుతుంది. చుట్టు చుట్టుకూ దిశ మారుతూ, సెకనుకు 51 సార్లు. పైగా ఈ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 45 దగ్గర ఇందులో నాలుగో వంతే. అందుకే ఊళ్ళో తిరిగినంత సేపూ ఏమీ తెలియదు, హైవే ఎక్కగానే బయటపడుతుంది.

లేత్ మాస్టారు (నెల్లూరు)

ఆకురాయి పెట్టి గీకకండని అక్కడే చెప్పాను, మిగతావాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాను. రంగు తీయడానికి థిన్నరు, గుడ్డ, గట్టి ప్లాస్టిక్ ముక్క చాలు. ఆకురాయి ఇనుమును తినేస్తుంది, గాడి వదులైతే ఇక ఎప్పటికీ నడిమికి కూర్చోదు. ఫ్లాంజీలు కలిసే ముఖాలకూ, బోల్టు రంధ్రాల చుట్టూ కూడా రంగు ఉండకూడదు. తుప్పు భయముంటే పలచగా నూనె రాయండి. లాక్ నట్లు పాతవి వాడకండి, కొత్తవి వేయండి.

మరమ్మతు చేసి పంపిన బండి మీద ఇంత రంగు కొట్టడం ఈ మధ్య ఎక్కువైంది. ఫోటోలో మెరవాలని కొడతారు. ఎర్త్ వైరు తగిలే చోట, బేరింగు కూర్చునే చోట, ఫ్లాంజీ ముఖాన కూడా కొడితే ఎలా?

ఇదే పని చేసినా తగ్గకపోతే అప్పుడు షాఫ్ట్‌ను 180 డిగ్రీలు తిప్పి బిగించి చూడాలి. ఆ తరువాతే గొట్టం వెనుక కొసన రెండు హోస్ క్లిప్పులు (స్క్రూతో బిగించే పట్టీలు) వేసి, వాటి స్క్రూ తలలు జరుపుతూ బ్యాలెన్స్ వెతకడం. అదీ కాకపోతే విజయవాడ ఆటోనగర్‌కు పంపి మెషీన్ మీద బ్యాలెన్స్ చేయించాలి. మొదటే క్లిప్పులు వేస్తే ఒక వంకరకు ఇంకో వంకర జోడించినట్టు అవుతుంది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

బిగించాక గేజ్ వెనుక కొసన 0.08 చూపించింది. అదే రోడ్డు మీద మళ్ళీ వెళ్ళాను. 85, 90, 100, 110 అన్నీ దాటాను. గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే ఇంజన్ మామూలు ఊపిరి తప్ప ఇంకేమీ లేదు. అద్దంలో లారీ నంబరు ప్లేటు చదవగలిగాను. యాప్‌లో 49 దగ్గరి గీత కొండ నుంచి చిన్న గుట్ట అయింది.

ఇంజన్ దించాల్సిన పని తప్పింది. మెకానిక్‌కు ఫోటో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఫ్లాంజీలు తుడుచుకోమని తన కుర్రాళ్ళకు చెప్పుకున్నారు. మంచి మనిషి.

13 దగ్గరి గీత మాత్రం అలాగే ఉంది. జుమ్మనే మోత పోయాక అది బాగా తెలుస్తోంది. 95 దగ్గర వెనుక సీటు మెల్లగా ఊగుతున్నట్టు ఉంటుంది.

బుచ్చి బుల్లెట్

ఇప్పుడు ఎవరు కొంటున్నారు కాజా?

కావలి లెక్కలు

అర కిలో నేను కొంటాను, మిగతా అర కిలో మీరు కొనండి. రెండు తప్పులు కలిసే ఉన్నాయి. పెద్దది చిన్నదాన్ని కప్పేసింది.

ఒంగోలు అంబాసిడర్

అన్నీ అయ్యాక చెబుతున్నాను, ఆ గేర్‌బాక్స్ రబ్బరు మార్చండి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

తెప్పిస్తున్నాను సార్, ముందు వెనుక రెండు పక్కలవీ. మీ పోరు పడలేక కాదు, విప్పినప్పుడు చూశాను, పగుళ్ళు ఉన్నాయి.

మాస్టారూ, వైర్ చక్రాల సంగతి ఎలా? ఇక్కడి బ్యాలెన్సింగ్ షాపులో చక్రాన్ని మధ్య రంధ్రంలోంచి మామూలు కోను వేసి బిగించారు.

లేత్ మాస్టారు (నెల్లూరు)

అక్కడే తేడా వచ్చింది. వైర్ చక్రం హబ్బు మీద స్ప్లైన్‌లతో నడుస్తుంది గానీ నడిమికి కూర్చోబెట్టేవి లోపలి వైపు ఒక ఏటవాలు, బయట పెద్ద నట్టు ఏటవాలు. మెషీన్ మీద కూడా ఆ రెండు ఏటవాలుల మీదే పట్టాలి. అలాంటి కోన్లు ఇక్కడ ఎవరి దగ్గరా లేవు, నేను చేసిస్తాను. బ్యాలెన్స్ చేసే ముందు చక్రం వంకర లేకుండా స్పోకులు సరిచేయించాలి. అది సైకిల్ రిమ్ము పని కాదు, తెలిసినవాడు చేయాలి. లోపల ట్యూబు ఉందా లేదా కూడా చూసుకోండి, స్పోకుల రంధ్రాల వల్ల ట్యూబు లేకుండా గాలి నిలవదు.

ఒక చక్రం, పాత హబ్బు ఉంటే అది, ఒక నట్టు తీసుకురండి. నట్టు మరిచిపోకండి. ఏటవాలు కోణం దాని మీంచే తీసుకోవాలి. కుడి వైపు, ఎడమ వైపు మరలు వేరు కాబట్టి ఏ వైపుదో చాక్‌పీస్‌తో రాసి పెట్టండి. శుక్రవారం మా వీధిలో కరెంటు తీస్తారట, శనివారం ఉదయం రండి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

వస్తాను మాస్టారూ. ఎడమ వెనుక చక్రం తెస్తున్నాను, అన్నిటికంటే అదే ఎక్కువ ఊగుతోంది. బుచ్చి గారు కూడా రావచ్చు, కాజా తెస్తే.